జానెడు పదును

వెనకనడక యంత్రం ఆగేటప్పుడు చప్పుడేమీ రాదు. గోడమీది తెరలో పాకే గీతలు నిలబడిపోతాయి, అంతే. ఆ సోమవారం పదకొండు దాటాక గీతలన్నీ ఒకచోట చేరి నిలబడ్డాయి. వాటి చివర ఒక పాత ఫోను సందేశం తెరుచుకుంది.

"జిల్లేడువలస. ఉదయం 8.30. వాన 48 మి.మీ."

నేను కుర్చీలోంచి లేవలేదు. ఆ ఊరు మాది.

నా పక్కన కూర్చునే ఫిరోజా అప్పటికే పనిలో దిగింది. వెనకనడకలో ప్రపంచం మొత్తం లేదు, ప్రపంచం రాసి పెట్టుకున్నది ఉంది. ఓడల జాబితాలు, ఆసుపత్రి చీటీలు, రైళ్ళ వేళలు, వానలు, ఫోను సందేశాలు. అందులో ఒక్కదాన్ని మార్చి, మిగతా కాలాన్ని మళ్ళీ నడిపిస్తాం. ఫిరోజా 48 తీసేసింది. వరద గుర్తులను బట్టి ఆ రోజు నిజంగా పడిన వాన 310 అని మాకు తెలుసు. ఆ అంకె వేసి మీట నొక్కింది.

తెరమీద ఇరవై ఆరేళ్ళ కిందటి ఒక ఉదయం మళ్ళీ మొదలైంది. గంగన్నపేట డ్యాము గేట్లు తొమ్మిది గంటలకే తెరుచుకున్నాయి. కట్ట తెగలేదు. కింద సముద్రం ఒడ్డున రేవుపాలెం మునగలేదు. రేవుపాలెంలో జ్వరం మందుకి ముడిసరుకు తయారుచేసే పదకొండు ఫ్యాక్టరీలు బురదలో కలిసిపోలేదు. ప్రపంచంలో సగం మందు అక్కడినుంచే వెళ్ళేది. ఆ చలికాలంలో ఇంకెక్కడో ఖండం అవతల పుట్టిన జ్వరం రెండు రేవుల్లోనే ఆగిపోయింది. మందుల ఓడలను ఎవరూ దారికాచి పట్టుకోలేదు. మూడేళ్ళ యుద్ధం మొదలే కాలేదు. తెర కింద మూలన పోయినవాళ్ళ అంకె ఉంటుంది. నాలుగు కోట్ల దగ్గర ఉండే ఆ అంకె గబగబా పడిపోయి సున్నా దగ్గర ఆగింది.

"దొరికింది," అంది ఫిరోజా. ఆమె గొంతులో సంతోషం లేదు. ఆమె అన్నలిద్దరూ ఆ యుద్ధంలోనే పోయారు.

ఇంత ఎందుకు జరిగిందో చెప్పండని యుద్ధం తర్వాత దేశాలన్నీ కలిసి ఇలాంటి ప్రయోగశాలలు ఏడు పెట్టాయి. కారణం దొరికిన ఏడు రోజుల్లో మొదటి పేరు ప్రకటించాలి. ప్రతి ప్రకటన కింద చిన్న అక్షరాల్లో ఒక మాట ఉంటుంది, కారకులు నేరస్థులు కారు అని. కిందటేడు జ్వరాన్ని రేవుకి తెచ్చిన ఒక ఓడ వంటవాడి పేరు ప్రకటించాం. మూడో రోజున అతని తమ్ముళ్ళిద్దరినీ చంపేశారు. టీ తాగేటప్పుడు మేం ఆ సంగతి మాట్లాడుకోం.

"దమయంతీ, ఈ ఊరు నీకు తెలుసా?" మా పెద్ద, కూర్మారావు గారు వెనకనుంచి అడిగారు.

"పేరు విన్నాను సార్."

ఊళ్ళనుంచి వచ్చిన కాగితాలు చూడడమే నా ఉద్యోగం. పల్లెటూరి బడిలో చదివాను కాబట్టి కరణాల రాతలు, ఊళ్ళ కొలతలు నాకు తెలుస్తాయని పెట్టుకున్నారు. కాగితం చూసి "సరి" అనో, "లెక్కలోకి రాదు" అనో నేను సంతకం చేశాకే పేరు బయటికి వెళుతుంది. ఆ సందేశం పంపిన ఫోను బూరాడ సూరీడమ్మ పేరుమీద ఉంది. సూరీడమ్మ మా అమ్మ, బూరాడ ఆమె పుట్టింటి పేరు. నేను పొట్నూరు దమయంతిని. ఆ గదిలో ఇంకెవరికీ తెలియలేదు.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి అమ్మ వాకిట్లో పీటమీద కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. చెప్పులు విప్పకుండానే పక్కన కూర్చున్నాను.

"అమ్మా, ఊళ్ళో వాన కొలిచే డబ్బా నువ్వే చూసేదానివి కదూ."

"నానెక్కడ? మీ నాన్న సూసీవోడు. ఆడు పోయాక రొండేళ్ళు నాను సూసినాను."

"నాన్న పోయిన నాలుగో రోజు?"

అమ్మ చెయ్యి ఆగింది. "ఎవులు సెప్పినారు నీకు?"

"ఎవరూ చెప్పలేదు. అడుగుతున్నాను."

చాలాసేపు ఈనెలు తీస్తూనే ఉంది. తీసిన గుజ్జునే మళ్ళీ మళ్ళీ చూస్తోంది.

"పదకొండు రోజులు గడప దాటకూడదని మీ నాయనమ్మ మూల కూకోబెట్టీసింది," అంది చివరికి. "డబ్బా ఏమో రామకోవిల్లో ఉంది. మేకలు రావని, సుట్టూ గోడుందని అక్కడ పెట్టినారు ఆఫీసోళ్ళు. మైలోళ్ళు కోవిల్లో అడుగెడితే ఊరు ఊరుకుంటాదా?"

"చిన్నాన్నని పంపకపోయావా?"

"ఆడికీ మైలే కదే ఎర్రిమొకమా. ఇంక ఊర్లో ఆ గాజు కొలత సదవడం ఒక్కడికే వొచ్చు. ఆడు ఆ పని కోసమే కాసుక్కూకున్నాడు. ఒక్క పూట నాగా పెడితే పని ఆడిదే. నువ్వు కడుపులో ఉన్నావు."

"మరి ఏం చేశావు?"

"పెరట్లోకి ఎల్లడానికి అడ్డు నేదు కదా. బొరిగెతో తవ్వినాను. జానెడు లోతుదాకా తడిసి పదునుంది. మీ తాత సెప్పీవోడు, బెత్తెడు పదునైతే ఇరవై, జానెడైతే యాభై అని. మూడు దినాలు ఫోన్లో అలగే కొట్టినాను, సరిపోయింది. నాలుగో దినం యాభై అని కొడితే అందాజా అని తెలిసిపోద్దని నలభై ఎనిమిది కొట్టినాను."

నాకు కళ్ళు మూసుకుపోయాయి. యంత్రం ముందు కూర్చున్నప్పుడు నేనూ అదే అనుకున్నాను. నలభై ఎనిమిది, ఎవరో కొలిచి రాసిన అంకెలాగే ఉందని.

"రాత్రంతా అంత వాన కురిసింది కదమ్మా. అనుమానం రాలేదా?"

"వాన సప్పుడు ఇంటే బయమేసింది. మట్టిని సూస్తే జానెడే. మన మట్టి ఎప్పుడైనా అబద్దం ఆడిందా?"

ఆడదు. కానీ మెల్లగా పడిన వానను మట్టి తాగుతుంది, కుమ్మరించిన వాన మట్టిమీదనుంచి జారి ఏట్లోకి పోతుంది. పదును మట్టి తాగినదాన్నే చెబుతుంది. తాగలేక వదిలేసినదాన్ని చెప్పదు. కొండమీది కొలత యంత్రాలు ఆ వారమే పిడుగుకి చచ్చాయి. డ్యాము మీది కంప్యూటరుకి ఆ ఉదయం అందినది అమ్మ మాట ఒక్కటే.

"పన్నెండో రోజున కోవిల్లోకి ఎల్లినాను," అంది అమ్మ. "డబ్బా పొర్లిపోయి ఉంది. సుట్టూరా సూసి పారబోసీసినాను. రేవుపాలెం పోయిందని అప్పటికే టీవీలో సూపిస్తన్నారు."

"ఎవరికీ చెప్పలేదా?"

"ఎవులికి సెప్పాలి? పదకొండు వేలమంది పోయినారు. ప్రతేడూ ఆ దినం పేపర్లో ఏస్తారు, సూస్తన్నాను కదా." తలెత్తి నా మొహంలోకి చూసింది. "ఇంతకీ నువ్వెందుకు అడుగుతన్నావు?"

"ఊరికేనమ్మా."

రేవుపాలెంతో ఆగలేదని నేను చెప్పలేదు.

మర్నాడు ఆ కాగితం మీద "లెక్కలోకి రాదు" అని సంతకం చేశాను. కూర్మారావు గారు నన్ను తన గదికి పిలిచారు.

"ఫోను సందేశం. అచ్చులో ఉన్నట్టు ఉంది. ఇదెందుకు రాదమ్మా?"

"పంపిన మనిషి డబ్బా చూసి పంపినట్టు లేదు సార్. చూడనిది కొలత కాదు. కొలత కానిది ఉంచకూడదని మన రూలే ఉంది."

"చూడలేదని నీకెలా తెలుసు?"

"అంతకుముందు మూడు రోజులు ఇరవై, ఇరవై, యాభై అని ఉన్నాయి. వాన అలా పదుల లెక్కన పడదు సార్."

ఆయన కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. ఆయనది శ్రీకాకుళం వైపు. పదునంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. కాసేపు కిటికీలోంచి చూసి, "నాలుగేళ్ళలో నువ్వు ఒక్క కాగితాన్ని కూడా పక్కన పెట్టడం నేను చూడలేదు," అన్నారు. ఆయన ఇంకేమీ అడక్కుండా కింద సంతకం చేశారు.

సందేశం తీసేసి వెనకనడకను మళ్ళీ వదిలాం. బుధవారం మధ్యాహ్నానికి గీతలు ఇంకో పేరు దగ్గర నిలబడ్డాయి. గేట్ల మనిషి తవిటయ్య. ఆ ఉదయం డ్యాము పుస్తకంలో "గేట్లు మూసి ఉంచడమైనది" అని రాసి సంతకం పెట్టినవాడు. పై నుంచి హెచ్చరిక లేదు కాబట్టి మూసి ఉంచాడు. కట్ట తెగినప్పుడు గేట్ల గదిలోనే పోయాడు. నేను అతని ఉద్యోగం కాగితాలన్నీ తిరగేశాను. కుటుంబం అన్నచోట "లేదు" అని ఉంది. చనిపోయినవాణ్ణి ఇంకెవరేం చేస్తారు అనుకున్నాను. "సరి" అని రాసి సంతకం పెట్టాను.

గురువారం ప్రకటన వెళ్ళింది.

ఆ కాగితాలు తవిటయ్య పెళ్ళికి ముందువి. పెళ్ళయ్యాక వాటిని ఎవరూ తిరగరాయలేదు. అతనికి ఒక కూతురుంది, రోహిణి. మా నగరంలోనే ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్న భోజనం వండుతుంది. కాగితాలకు తెలియకపోయినా వీధిలోవాళ్ళకు తెలుసు. శుక్రవారం పదిన్నరకు ముప్ఫైమంది బడి వంటపాకలోకి వెళ్ళారు. పొయ్యిమీద ఉడుకుతున్న అన్నం గుండిగను ఆమె మీదకి తోసేశారు. కుడి చెయ్యి, మెడ, ఒక చెంప ఉడికిపోయాయి. తోసినవాళ్ళలో ఒకతని భార్యాబిడ్డలు జ్వరానికి మందు దొరక్క పోయారట. అతను ఏడుస్తూ పోలీసు జీపు ఎక్కడం టీవీలో చూపించారు.

ఆ మధ్యాహ్నం టీవీ చూసిన అమ్మ ప్రయోగశాలకు వచ్చింది. రెండు బస్సులు మారి, దారి అడుగుతూ అడుగుతూ వచ్చింది. నేను అడ్డం వెళ్ళేలోపే కూర్మారావు గారి బల్లముందు నిలబడింది.

"బాబూ, కారణం మిషను ఇదేనా?"

"మీరెవరమ్మా?"

నన్ను చూపించింది. "ఈ గుంట తల్లిని. నలభై ఎనిమిది కొట్టింది నానే."

ఆయన ఆశ్చర్యపోలేదు. లేచి తలుపు వేశారు. గదిలో మేం నలుగురమే ఉన్నాం, ఫిరోజాతో కలిపి.

"అమ్మా, నేనేమీ వినలేదు. ఇంటికెళ్ళిపోండి."

"ఇన్నావు బాబూ. రాసుకో. ఆ తవిటయ్య ఎవులో నాకు తెల్దు. ఆడికి నాను పంపిన అంకె తప్పు. నమ్మీసినాడు, పాపం. ఆడి పిల్లకేటి సంబంధం?"

"మీ పేరు వెళితే మీ ఇల్లు ఉండదు. మీరూ ఉండకపోవచ్చు. మీ అమ్మాయి కూడా."

అమ్మ నా వైపు తిరిగింది. కోపమొచ్చినప్పుడు అమ్మ గొంతు తగ్గుతుంది. "నువ్వు తెలిసే సేసినావా?"

"నిన్ను చంపేస్తారమ్మా."

"అందుకని ఆ పిల్లని కాల్చీసినావా?"

ఫిరోజా చటుక్కున నన్ను చూసింది. అప్పటిదాకా ఆమెకు తెలియదు. ఆమె వైపు నేను తల ఎత్తలేకపోయాను.

"టీవీలో యుద్ధమంటన్నారు," అంది అమ్మ. "రేవుపాలెం ఒక్కటే కాదా? ఎంతమంది బాబూ?"

"నాలుగు కోట్లు," అన్నారు కూర్మారావు గారు.

అమ్మకు ఆ మాట అందలేదు. "మా వలసలో ఆరొందలమంది. అలాటి ఊర్లు ఎన్ని?"

ఫిరోజా వేళ్ళు బల్లమీద ఆన్చి చెప్పింది. "అరవై ఆరు వేల ఊళ్ళు, అమ్మా."

అమ్మ నేలమీద కూర్చుండిపోయింది. నీళ్ళిస్తే తాగలేదు.

నేను ఆ గదిలోనే ఉన్న యంత్రం మీటల ముందు కూర్చున్నాను. ఇంకొక్క మెట్టు వెనక్కి వెళ్ళాలి, అంతే. అమ్మను మూల కూర్చోబెట్టింది నాయనమ్మ అని కొట్టాను. "ఆధారం?" అని అడిగింది. మైలవాళ్ళు గుళ్ళోకి వెళ్ళకూడదన్నది ఊరి కట్టుబాటు అని కొట్టాను. ఆధారం? డబ్బా గుళ్ళో పెట్టమన్న ఆఫీసరు. ఆధారం? కొండమీద యంత్రాలు చచ్చాయని తెలిసీ బాగుచేయించనివాళ్ళు. ఆధారం? వీటిలో ఏ ఒక్కదానికీ ఎక్కడా కాగితం లేదు. గడప దాటకూడదని ఎవరూ ఎప్పుడూ రాయలేదు. అందరికీ తెలిసినదాన్ని ఎవరు రాస్తారు? అంత పెద్ద యంత్రమూ వెనక్కి నడిచి నడిచి, పేరు రాసి పంపిన మనిషి దొరికిన చోట ఆగిపోతోంది.

"సాక్షి సంతకం పెడితే తీసుకుంటుంది," అన్నాను. "అమ్మా, నాయనమ్మే వెళ్ళొద్దంది అని నువ్వు సంతకం పెట్టు. అప్పుడు నీ పేరు ఆవిడ వెనక్కి పోతుంది."

"ఆవిడ సచ్చిపోయింది కదే."

"అందుకే."

"తవిటయ్య కూడా సచ్చిపోయినోడే," అంది అమ్మ. "సచ్చిపోయినోళ్ళకి పిల్లలుంటారు. మీ సిన్నాన్న కూడా పోయినాడు, మీ నాయనమ్మకి మిగిలింది నువ్వే."

నేను మీటలమీదనుంచి చేతులు తీసేశాను.

మూడు గంటలకు అమ్మ సంతకం పెట్టింది. ఎనిమిదో తరగతి చదివింది, అక్షరాలు గుండ్రంగా ఉంటాయి. ఫోటో కావాలన్నారు. పైట సర్దుకుని గోడ దగ్గర నిలబడింది. నవ్వాలేమోనన్నట్టు ఒకసారి కూర్మారావు గారి వైపు చూసింది. ప్రకటన అయిదు గంటలకు వెళ్ళేలా పెట్టి, ఆయన తన కారు తాళం నా చేతిలో పెట్టారు. "రెండు గంటలు టైముంది. ఎటైనా దూరం పోండి. నాకు చెప్పొద్దు," అన్నారు.

మెట్లు దిగుతుంటే ఫిరోజా వెనకే వచ్చింది. ఏమంటుందోనని ఆగాను. అమ్మ చేతిలో ఒక మంచినీళ్ళ సీసా పెట్టి, నన్ను చూడకుండా పైకి వెళ్ళిపోయింది.

"ఆస్పత్రికి పోనీ," అంది అమ్మ కారెక్కగానే.

"అమ్మా, అక్కడ గేటు దగ్గర జనం ఉన్నారు. టీవీవాళ్ళున్నారు."

"పోనీ అన్నాను కదా."

కాలినవాళ్ళ వార్డు మూడో అంతస్తులో ఉంది. మంచాలకు దోమతెరలు కట్టారు. రోహిణి నాకన్నా ఒకటి రెండేళ్ళు పెద్దదై ఉంటుంది. మెడ కదలకుండా దిండ్లు పెట్టారు. అమ్మ స్టూలు లాక్కుని మంచం పక్కన కూర్చుంది.

"ఎవరమ్మా మీరు?" అంది రోహిణి. పెదవి ఒకవైపే కదులుతోంది.

"మీ నాన్న తప్పు నేదమ్మా. అది సెప్పడానికి వొచ్చినాను. వాన అంకె తప్పు కొట్టింది నాను. ఇప్పుడు రాయించేసి వొచ్చినాను. ఇంకాసేపటికి టీవీలో సెప్తారు."

రోహిణి ఆమెను చూస్తూ ఉండిపోయింది. "మా నాన్న తప్పు లేదా?"

"నేదు."

"నేను పుట్టి ఆర్నెల్లు అప్పటికి. నాన్న ఎలా ఉంటాడో తెలీదు. నిన్నటినుంచి ఒక్కటే అనుకుంటున్నాను, నాన్న ఎంత చెడ్డవాడో అని." ఆగి ఊపిరి తీసుకుంది. "ఈ మాట రెండు రోజుల ముందు చెప్పుంటే ఏం పోయేదమ్మా?"

అమ్మ తల దించుకుంది. నేను అమ్మ వెనకనుంచి ముందుకు వచ్చాను.

"అమ్మకు తెలియదు. తెలిసి చెప్పనిది నేను. అమ్మ పేరు తీసేసి మీ నాన్న పేరు పంపింది నేనే."

రోహిణి నా వైపు కళ్ళు మాత్రమే తిప్పింది. 

అయిదు గంటలకు పక్క మంచం దగ్గర కూర్చున్నావిడ ఫోను మోగింది. ఆవిడ తెర చూసింది, అమ్మను చూసింది, మళ్ళీ తెర చూసింది. లేచి మాట్లాడకుండా బయటికి వెళ్ళిపోయింది. కాసేపటికి కింద గేటు వైపునుంచి గొంతులు లేచాయి. ముందు రెండు మూడు, తర్వాత చాలా.

"వెళ్ళిపోండి," అంది రోహిణి. "పైకొచ్చేస్తారు. ఈ వార్డులో పదహారు మందిమి ఉన్నాం. లేచి పరిగెత్తేవాళ్ళు ఒక్కరూ లేరు."

వెనక మెట్లున్నాయి, వచ్చేటప్పుడు చూశాను. అమ్మ చెయ్యి పట్టుకుని లాగాను. అమ్మ లేచింది. నా చెయ్యి మెల్లగా విడిపించుకుంది.

"ఆ మెట్లంటెల్తే నా కోసం ఈల్లని తొక్కుకుంటా వొస్తారు," అంది. "నాను ముందు గుమ్మంలోంచి ఎల్తాను. నువ్వు ఇక్కడుండు. ఆ పిల్ల పెదాలు ఆరిపోతన్నాయి, నీళ్ళు పట్టు."

"అమ్మా!"

"సెప్పింది సెయ్యి."

అమ్మ మంచాల మధ్యనుంచి నడిచి వెళ్ళింది. ఎవరి దోమతెరా తగలకుండా పైట దగ్గరికి పట్టుకుంది. నేను వెంట పరిగెత్తబోయాను. రోహిణి ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకుంది. కాలిన మనిషికి అంత బలం ఎక్కడిదో తెలియదు. నన్ను కాపాడడానికి పట్టుకుందో, శిక్షించడానికి పట్టుకుందో ఆమె చెప్పలేదు. రెండో చేత్తో అమ్మ స్టూలుమీద వదిలిన సీసా అందుకుని, పళ్ళతో మూత తిప్పి ఆమె పెదాలకు అందించాను.

కింద అరుపులు ఒక్కసారిగా ఆగిపోయాయి. అమ్మ తన పేరు చెబుతోందని తెలిసింది.